రాని మనిషి వాటా

ఆ ఏడు మా దీవిలోని ఊళ్ళో నీళ్ళని సీసాతోనే కొలిచేవాళ్ళం. సీసా అంటే గాజుది కాదు, స్టీలుది. అంతకు ముందు కరువులో ఏదో సాయం సంస్థ ఓడలో పంపితే, బడి తరఫున మనిషికొకటి చొప్పున పంచాం. నీలం రంగు, సన్న మూతి, మర మూత, ఆ మూతకి వేలు దూర్చి పట్టుకోవడానికి నల్ల ప్లాస్టిక్ చెవి. కొన్నాళ్ళకే రంగు పెచ్చులు లేచింది. చెవులు ఒక్కొక్కటే విరిగిపోయాయి. లోపలికి చెయ్యి పట్టదు కాబట్టి గుప్పెడు పగడపు ఇసక పోసి గిలకొట్టి కడుక్కునేవాళ్ళం. రాతి మీద పడితే సొట్టపడేదే గాని పగిలేది కాదు. ఎవరి సీసా ఏదో ఆ సొట్టల్ని బట్టే గుర్తుపట్టేవాళ్ళం.

వానలు లేక బావులన్నీ ఉప్పెక్కాయి. బబాయి దుంపలు నాటిన గోతుల్లో ఆకులు పచ్చబడి వాలిపోయాయి. తాగడానికి మిగిలింది బడి రేకుల మీద పడ్డ పాత వాన, కప్పు పక్కన సిమెంటు తొట్టిలో ఉన్నది. మనేబాలో, అంటే ఊరి పెద్ద సావిట్లో, పెద్దలు కూర్చుని మాట అనుకున్నారు. రోజుకి తలకొక సీసా. సాయంత్రం, బడి వదిలాక. తాళం టీచరు దగ్గర ఉంటుంది. టీచరంటే నేను.

స్టీలు సీసాలో ఎంత నిండిందో కంటికి కనబడదు. మొదట్లో పొంగించి నీళ్ళు నేలపాలు చేశాను. తర్వాత చెవికి అలవాటైంది. ఖాళీ సీసాలో ధార బొంగురుగా మోగుతుంది. నిండేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి పైకి పోతుంది. ఇంకో గుక్క పడుతుందనగా కుళాయి కట్టేసేదాన్ని. కళ్ళు మూసుకుని పోసినా చుక్క ఒలికేది కాదు. ఆ రోజుల్లో చాలా సాయంత్రాలు కళ్ళు మూసుకునే పోశాను. నిద్ర ఉండేది కాదు.

మా మామయ్య పేరు మౌటు. వరుసలో అందరికంటే ముందు ఆయనే నిలబడేవారు. నింపుకుని ఇంటికి వెళ్ళి, ఆ నీళ్ళు కూజాలోకి వంపి, అదే సీసాతో మళ్ళీ వచ్చి వరుస చివర నిలబడేవారు. రెండోసారి వచ్చేది ఆయన కొడుకు కోసం. కొడుకు పేరు బరానికో. అతను నా భర్త.

కరువు ముదరక ముందు బరానికో చేపలకని పడవ వేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. ఇంజను ఆగిపోయి ఉంటుందన్నారు. వెతకడానికి విమానం వచ్చింది, వెళ్ళింది. మా దీవుల్లో ఇది వింత కాదు. పక్క ఊరి మనిషొకడు ఇలాగే కొట్టుకుపోయి, ఎక్కడో ఏదో దేశపు ఓడవాళ్ళు తీసి గట్టెక్కిస్తే, ఇంట్లోవాళ్ళు ఏడవడం మానేసిన తర్వాత తిరిగొచ్చాడు. ఇప్పటికీ మనేబాలో తన చోటులో కూర్చుని ఆ సంగతే చెబుతాడు. అందుకని మామయ్య ఎదురుచూడటాన్ని పిచ్చి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. బడిలో కూడా అంతే. రాని పిల్ల పేరుని కొన్నాళ్ళు పిలుస్తూనే ఉంటాం. ఏ రోజు నుంచి మానెయ్యాలో ఎవరూ చెప్పరు.

ఆయన రెండోసారి వచ్చిన మొదటి సాయంత్రం నాకు బాగా గుర్తుంది. నేను తాళం చేతిలోకి తీసుకుంటున్నాను. మామయ్య ఖాళీ సీసా కుళాయి కింద పెట్టారు.

"ఇది బరానికోది," అన్నారు.

తాళం చేతిలో పట్టుకునే ఆయన వైపు చూశాను.

"తలకొకటి అన్నారు కదమ్మా. వాడికీ ఒక తల ఉంది."

పోయనంటే ఏమవుతుందో నాకు తెలుసు. నా భర్త పోయాడని ఊరి ముందు మొదటిసారి అన్నది నేనే అవుతాను. కుళాయి తిప్పాను. పక్కింటి బోటికా ఇంకా వెళ్ళలేదు. తన సీసా మూత తిప్పుతూ, అదెందుకో పట్టనట్టు మళ్ళీ విప్పుతూ, మళ్ళీ తిప్పుతూ నిలబడింది.

"టీచరమ్మా," అంది నెమ్మదిగా, "నాకు గాని రెండో తల మొలిస్తే ముందు నీకే చూపిస్తాలే."

మామయ్యకి వినబడింది. వినబడనట్టే సీసా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ నీళ్ళు ఆయన తాగేవారు కాదు. మా పడకల అరుగు కింద, బరానికో పడుకునే వైపు, మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ క్యాను ఉండేది. రెండో సీసా నీళ్ళు అందులోకి వెళ్ళేవి. "సముద్రం మీద నుంచి వచ్చినవాడికి ఒక్క సీసా ఏం చాలుతుంది," అన్నారు ఒకసారి, నేను అడగకుండానే.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాని మా ఇంట్లో తెరెటియా ఉంది, మా అమ్మాయి. ఎండిన చేప తిని ఒకరోజు మధ్యాహ్నం దాహం ఆగక, అరుగు కింద దూరి ఆ క్యాను మూత మీద చెయ్యేసింది.

"తాతా, ఇందులోవి తాగనా? కొంచెమే."

మామయ్య కొబ్బరి పీచు తొడ మీద పేనుతున్నారు. పేనడం ఆపలేదు. "అవి మీ నాన్నవమ్మా."

"నాన్న లేడుగా."

వంట దగ్గర నుంచి నేను విన్నాను. మామయ్య పీచు పక్కన పెట్టారు. కూజాలోంచి మళ్ళీ నింపుకున్న తన సీసా తెచ్చి మూత తీసి దాని చేతికిచ్చారు. పొద్దుటి నుంచి ఆయన అందులోంచి ఒక గుక్క కూడా తాగినట్టు లేదు, నిండుగా ఉంది.

"ఇవి నావి. ఇవి తాగు. ఎన్ని కావాలంటే అన్ని తాగు."

అది తాగింది. ఆయన దాని గొంతు కదలడం చూస్తూ కూర్చున్నారు. ఆ సాయంత్రం కూడా రెండుసార్లు వరుసలో నిలబడ్డారు. ఆ రోజంతా ఆయన తాగింది చెట్టు మీది నీరా ఒక్కటే.

కొబ్బరి గీత మామయ్యకి వయసు వచ్చినప్పటి నుంచి ఉన్న పని. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి, తాడు చుట్టి కట్టిన పూల పొత్తి కొసని పల్చగా చెక్కి, కింద సీసా తగిలించి దిగేవారు. పైన ఉన్నంతసేపూ పాడుతూనే ఉంటారు. గీతగాళ్ళందరూ పాడతారు, పైన మగమనిషి ఉన్నాడని కింద స్నానం చేసే ఆడవాళ్ళకి తెలియాలని. ఒక్క పూట గీత తప్పితే పొత్తి అలుగుతుంది, కొన్నాళ్ళు తప్పితే ఎండిపోతుంది. బరానికో చెట్లు కూడా ఆయనే గీస్తున్నారు. ఆ మోకాళ్ళతో.

స్టీలు సీసాలంటే ఆయనకి మొదటి నుంచీ గిట్టదు. పంచిన కొత్తలో బరానికో ఒకటి పైకి తీసుకెళ్ళి పొత్తికి తగిలించాడు. ఎండకి స్టీలు కాలిపోయి, మధ్యాహ్నానికే నీరా పులిసి కల్లయింది. దించి మూతి దగ్గర వాసన చూసి మామయ్య అన్న మాట ఊరంతా చెప్పుకున్నారు. "కడుపులో ఏముందో బయటికి చెప్పదు. ఇలాంటి మనుషులతోనే వేగలేకపోతున్నాం, సామాను కూడా ఎందుకురా?"

కాని కొడుకు సీసాకి ప్లాస్టిక్ చెవి విరిగినప్పుడు, దాని మెడకి పీచు తాడు చుట్టి చెయ్యి పట్టేంత ఉచ్చు కట్టిచ్చింది ఆయనే. ఆ ముడి ఆయనకి ఒక్కడికే వచ్చు. తాడు కొసని లోపలికి దాచి, వెనక్కి తిప్పి, మళ్ళీ దాని కిందనుంచే తీస్తారు. పడవకీ, చెట్టు మీది సీసాకీ అదే ముడి. బరానికో ఎంత ప్రయత్నించినా నేర్చుకోలేకపోయాడు. అతనికి ముడులే కాదు, మూతలు కూడా పట్టవు. సీసా ఎక్కడ తెరిస్తే అక్కడే మూత వదిలేసేవాడు. చీమలు పట్టేవి. "మూతేది" అన్నది నేను మా పెళ్ళయినప్పటి నుంచీ రోజూ అన్న మాట.

అప్పట్లో పిల్లలు తరగతిలో మత్తుగా కూర్చునేవాళ్ళు. ఆకలని అనుకునేదాన్ని. ఒకరోజు లెక్కల పాఠం మధ్యలో తుపాకి పేలినట్టు చప్పుడై, ఒక సీసా మూత ఎగిరి కప్పు రేకులకి తగిలి కింద పడింది. సీసాలోంచి తెల్లటి నురగ ఒక ఆడపిల్ల పుస్తకం మీదికి పొంగుతోంది. తరగతంతా బల్లలు బాదుతూ నవ్వింది.

"ఏం పోశావే ఇందులో?"

"నీరా, టీచర్." ఆ పిల్ల ముఖం కందిపోయింది. "పొద్దున్నే మా నాన్న దించింది."

"నీరాకి మూత బిగిస్తారా ఎవరైనా?"

"స్టీలుది కదా టీచర్. ఆగుతుందనుకున్నా."

"మరి నీళ్ళో?"

"నీళ్ళు మా అమ్మకి ఇచ్చేశా."

అందరినీ సీసాలు తెమ్మన్నాను. ఒక్కొక్కటీ తీసి వాసన చూశాను. సగం మంది సీసాల్లో నీరా ఉంది, పుల్లబడుతూ. మిగతా వాటిలో కొన్ని ఖాళీవే. బయటికి తెలియదు కాబట్టి ఖాళీ సీసా పట్టుకొస్తున్నారు, అందరిలా కనబడాలని. నవ్వు ఆగిపోయింది. లెక్కలు మళ్ళీ మొదలుపెట్టాను.

తొట్టిలో నీటిమట్టం అడుగుకి దిగుతున్నప్పుడు మనేబాలో మళ్ళీ కూర్చున్నారు. పెద్దలు ముందు, ఎవరి చోట్లలో వాళ్ళు. ఆడవాళ్ళం వెనక. అందరిలోకీ ముందు మాట్లాడే హక్కు టెరుబాది. ఆయన చాలాసేపు చాప మీద వేలితో గీతలు గీసి, "సగం సీసా చెయ్యాలి," అన్నాడు.

"సగమని ఎలా తెలుస్తుంది?" అన్నారెవరో. "లోపలికి కనబడితే కదా. టీచరు చెవి సగానికి కూడా పనిచేస్తుందా?"

చిన్న నవ్వు తిరిగింది. నేనూ నవ్వాను. పనిచెయ్యదు, నిండిన చప్పుడే నాకు తెలుసు.

వెనక నుంచి బోటికా అంది. "కొబ్బరి ఈనె ఒకటి తీసి, సగం దగ్గర ముడేసి, మూతిలోంచి దించి చూస్తే సరి. దానికి ఇంత ఆలోచనా?"

అదే ఖాయమైంది. కాని ఆమె కూర్చోలేదు. "ఇంకొక్క మాట. మా అమ్మాయి రిటియాకి నెలలు నిండాయి. పుట్టేవాళ్ళకి వాటా ఉందా, లేదా?"

"సీసా ఉంటే ఉంటుంది," అన్నాడు టెరుబా. "తలకొక సీసా. బడిలో ఇంకా సీసాలున్నాయా టీచరూ?"

"లేవు," అన్నాను.

"బాలింత నీళ్ళు లేకుండా పాలెక్కడి నుంచి ఇస్తుంది?" బోటికా గొంతు పెంచలేదు. "పుట్టబోయేవాళ్ళకి సీసా లేదని వాటా లేదు. లేని మనిషికి మాత్రం రోజూ పోస్తున్నాం."

మామయ్య వెనక్కి తిరగలేదు. తన స్తంభానికి ఆనుకుని, ఎదురుగా చూస్తూ అన్నారు.

"లేని మనిషి కాదు బోటికా. రాని మనిషి."

టెరుబా గొంతు సవరించుకున్నాడు. ఆయనకీ కొడుకులున్నారు. తేల్చి చెప్పడం ఇష్టం లేదని ముఖం చెబుతోంది. ఆయన నావైపు తిరిగాడు. "తాళం నీ దగ్గర ఉంది తల్లీ. నువ్వేమంటావు?"

అందరూ నావైపు చూశారు, మామయ్య తప్ప.

"సీసా పట్టుకుని వచ్చినవాళ్ళకి పోస్తాను," అన్నాను.

అది జవాబు కాదని అందరికీ తెలుసు. కాని దాన్నే జవాబుగా తీసుకుని లేచారు. మరుసటి రోజు మామయ్య సగం సీసాకి ఒకసారి, ఇంకో సగానికి ఒకసారి వచ్చారు. నేను ఈనె దించి చూసి పోశాను. వరుసలోవాళ్ళు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు.

కృత్తికలు సాయంత్రం పూట తూర్పున కనబడే రోజులొచ్చాయి. గాలి పడమటికి తిరిగింది. ఆ గాలికి వాన రావాలి. వాన రాలేదు గాని, అలలు మాత్రం దుంగలూ ప్లాస్టిక్ డబ్బాలూ పాత వలలూ పగడపు దిబ్బ దాటి లోపలి సముద్రంలోకి, మా ఒడ్డుకి తోసుకొచ్చాయి. పోటు తీసినప్పుడు ఆడవాళ్ళు గుల్లలు ఏరుకోవడానికి వెళుతూ కట్టెలు కూడా ఏరుకొచ్చేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం బడి వదిలాక బోటికా నా గదిలోకి వచ్చింది. తలుపు లేని గది, అయినా లోపలికి వచ్చి అటూ ఇటూ చూసింది. మోకాళ్ళ దాకా బురద. గుల్లల బుట్ట నేల మీద పెట్టి, చేత్తో గుల్లల్ని పక్కకి తోసి, అడుగు నుంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

నీలం రంగు ఎక్కడా లేదు. సముద్రపు గుల్లలు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. మెడకి పీచు తాడు ఉచ్చు, ఉప్పుకి బిగిసి ఎముకలా అయింది.

"ఎవరికైనా చూపించావా?"

"ఎవరికీ లేదు. దార్లో టెరుబా పెళ్ళాం బుట్టలోకి తొంగి చూడబోతే, గుల్లలన్నీ పాడైపోయాయని చెప్పా." ఆమె చేతులు లుంగీకి తుడుచుకుంది. "నాకు నోరెక్కువే. నాకు తెలుసులే. కాని ఇది నా నోటితో చెప్పేది కాదు."

నేను సీసా చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది.

"ఊపి చూశా," అంది. "ఏమీ లేదు. మూత మాత్రం బిగించి ఉంది. అందుకే తేలింది, లేకపోతే ఏనాడో మునిగిపోయేది." బుట్టని కాలితో పక్కకి జరిపి, "తాగేశాక పెట్టి ఉంటాడు. వాన పడితే పట్టుకోవచ్చని. ఉప్పునీళ్ళు పోకుండా."

ఇంట్లో అతను ఏనాడూ మూత పెట్టి ఎరగడు. వేలితో ఆ మూత అంచు చుట్టూ తడిమాను. మర చివరి దాకా తిరిగి ఉంది. వంకర లేకుండా, నేను రోజూ చెప్పినట్టు.

"తియ్యనా?" అంది బోటికా.

"వద్దు."

ఆమె బుట్టలోంచి మంచి గుల్లలు కొన్ని ఏరి నా బల్ల మీద పెట్టింది. "పిల్లకి వండు," అని వెళ్ళిపోయింది.

మామయ్య సాయంత్రపు గీతకి వెళ్ళబోతూ కత్తి నూరుకుంటున్నారు. సీసా ఆయన ముందు చాప మీద పెట్టాను. బోటికాకి ఎక్కడ దొరికిందో చెప్పాను. తెరెటియా వచ్చి నా వెనక నిలబడింది.

ఆయన కత్తి పక్కన పెట్టి, సీసాని ఒళ్ళోకి తీసుకున్నారు. సొట్టల వైపు చూడలేదు. మెడ దగ్గరి తాడు మీద బొటనవేలు పెట్టి, ముడి ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి నెమ్మదిగా చుట్టూ నడిపించారు. వెనక్కి తిరిగిన చోట వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి నడిపించారు. గాలికి పై ఆకులు కొట్టుకుంటున్నాయి.

"తాతా, నాన్నదా?" అంది తెరెటియా.

"నా ముడి కాదు," అన్నారు మామయ్య.

నా వైపు చూడలేదు. మూత విప్పడానికి బలం పట్టి తిప్పారు. రెండుసార్లు జారింది. మూడోసారి వచ్చింది. మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, మళ్ళీ బిగించారు.

"ఏ దీవివాళ్ళదో. ఎవడో జాగ్రత్తగల మనిషిది."

కత్తి తీసుకుని లేచారు. సీసాని చంకలో పెట్టుకునే చెట్టు దగ్గరికి వెళ్ళారు. ఆ సాయంత్రం పాట వినబడుతుందేమోనని చూశాను. చాలాసేపటికి వినబడింది. ఆయన చెట్టు మీంచే. బరానికో చెట్ల వైపు నుంచి రాలేదు.

మరునాడు నీళ్ళ వేళకి ఆయన ఎప్పటిలాగే అందరికంటే ముందు నిలబడ్డారు. ఈనె దించాను, సగం పోశాను. ఆయన వెళ్ళారు. వరుస కదిలింది. బోటికా వచ్చింది, మాట్లాడకుండా నింపుకుని వెళ్ళింది. చివరి మనిషి వెళ్ళాక కుళాయి కట్టి, తాళం వెయ్యకుండా నిలబడ్డాను. బడి ముందు దారి నేరుగా మా ఇంటి దాకా కనబడుతుంది. ఒక కుక్క అడ్డంగా వెళ్ళింది. చర్చి దగ్గర ఎవరో సైకిలు నడిపించుకుంటూ పోయారు.

చీకటి పడబోతోందనగా తాళం వేశాను.

ఇంటికి వెళ్ళేసరికి మామయ్య అరుగు మీద పీచు పేనుతున్నారు. "అన్నం ఉందా అమ్మా?" అన్నారు. ఉందన్నాను. పడుకున్నాక తెరెటియా నా చెయ్యి తెచ్చి తన కళ్ళ మీద పెట్టుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి తొట్టి అడుగంటింది. కుళాయి తిప్పితే గాలీ తుప్పూ వచ్చాయి. వరుసలోవాళ్ళు కదలకుండా చూశారు. ముందు నిలబడినామె సీసా కుళాయి కిందనుంచి తియ్యలేదు, ఇంకా వస్తాయేమోనని. బోటికా కూడా ఉంది. రిటియాకి ఆ పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. బోటికా ముఖం ఉబ్బి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఎప్పుడూ ఉండే మాటకారితనం లేదు.

"ఏమీ లేవా?" అంది.

"లేవు."

"ఓడ ఎప్పుడో?"

నాకు తెలియదని చెప్పాను.

అప్పుడు దారిలో తోపుడు బండి చక్రం చప్పుడు వినబడింది. మామయ్య ఒక్కరే తోసుకొస్తున్నారు, ఇసకలో దిగబడుతూ. ఎవరో వెళ్ళి పట్టబోతే వద్దన్నట్టు భుజం కదిపారు. బండి మీద పెద్ద క్యాను ఉంది. అరుగు కిందది. మూత మీద దుమ్ము తుడిచి ఉంది.

బండిని తొట్టి పక్కన ఆపి, ఊపిరి తీసుకుని, నాతో అన్నారు. "ఇవి ఈ తొట్టివే. పొయ్యమ్మా."

ఎవరివి అని ఎవరూ అడగలేదు. నేను క్యాను ఒరిగించి, గరాటు పెట్టి, ఈనెతో చూస్తూ ఒక్కొక్కరికీ పోశాను. కొందరు మామయ్య చెయ్యి ముట్టుకుని వెళ్ళారు. మా వైపు చావు ఇంట్లో అలా ముట్టుకుంటారు. ఆయన ముట్టుకోనిచ్చారు.

బోటికా తన సీసా, రిటియా సీసా నింపించుకుంది. వెళ్ళబోతుంటే మామయ్య పిలిచారు.

"పిల్లదానిదేదీ?"

"పిల్లదానికి సీసా ఎక్కడిది అన్నయ్యా."

ఆయన లుంగీ మడతలో దోపుకున్న సీసా ఒకటి తీశారు. గుల్లలు గీకేసి, ఇసకతో తోమి ఉంది. గుల్లలున్న చోట తెల్లటి మచ్చలు మాత్రం పోలేదు. రంగు లేని వట్టి స్టీలు, ఎండకి మెరుస్తోంది. మెడకి ఉన్న పాత తాడు తీసేసి కొత్తది కట్టారు. తేనె రంగులో, ఇంకా పచ్చి పీచు వాసనతో.

"మొన్న నీకు దొరికిందేగా," అన్నారు. "ఎవరిదో. వాడుకునేవాళ్ళు ఉంటే వాడుకుంటారు."

బోటికా అందుకుంది. తాడు వైపు చూసింది. కొసని లోపలికి దాచి, వెనక్కి తిప్పి, మళ్ళీ దాని కిందనుంచే తీసిన ముడి. ఆమె కళ్ళు నా వైపు వచ్చాయి. నేను గరాటు సర్దుకున్నాను.

"ముడి బాగుంది అన్నయ్యా," అంది.

"మామూలు ముడే."

ఆమె సీసా నాకు ఇచ్చింది. మూత తీసి, గరాటు పెట్టి, క్యాను వంచాను. ధార మొదట బొంగురుగా పడింది. క్రమంగా సన్నబడింది. సగం దాటి ఉంటుందని తెలుసు. ఈనె పక్కనే ఉంది, తియ్యలేదు. బోటికా చేయి కొద్దిగా కదిలి ఆగిపోయింది. చప్పుడు పైకి పైకి పోయి, ఇంకో గుక్క మాత్రమే పడుతుందనగా క్యాను నిలబెట్టాను.

బోటికా రెండు చేతులతో సీసా అందుకుంది. అంచు దాకా ఉన్న నీళ్ళు కదులుతుంటే చూస్తూ, మూత సంగతి మరిచిపోయి అలాగే నడవబోయింది.

"మూత," అన్నారు మామయ్య. బండి చేతులు పట్టుకుని వెనక్కి తిప్పుకుంటున్నారు. "మూత బిగించు."